పేరు లేని గిన్నెలు

అన్నా,

ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేమిటని నవ్వకు. నేను నోరు తెరిస్తే వదిన టీవీ సౌండు పెంచుతోంది.

నిన్న నా బొమ్మల ప్రదర్శనకు వచ్చి, సిద్దిపేట జనమంతా వింటుండగా అరిచావు. "గివన్నీ మీ వదిన గిన్నెలే గదా! ఆమె పేరేది? పేరు లేకుంట ఎందుకు గీసినవ్? మా పరువు తీసినవ్!" అన్నావు. కావాలనే వదిలేశాను. చెంబు, గ్లాసు, టిఫిను డబ్బా, అన్నీ సొట్టలతో సహా గీశాను. పేరు మాత్రం గీయలేదు.

మన వాడకట్టులో ఎవరైనా కూర పెట్టి పంపితే, గిన్నె మీద కొట్టించిన పేరు చూసి వాళ్లింటికి తిరిగి చేరుస్తాం. పేరు లేని గిన్నె ఏ ఇంటికీ చేరదు, మూలన పడి ఉంటుంది. నంగునూరు అత్తగారింటి నుంచి వచ్చేసినప్పటి నుంచి నా సంగతీ అంతే. నా పేరున్న గిన్నెలు అక్కడే ఉండిపోయాయి. ఇక్కడ ఏది తోమినా వదిన పేరే. చుట్టాలొస్తే "నాలుగొద్దులుండి పోతది" అని నా గురించి చెబుతావు. మూడేళ్లయింది అన్నా! నన్ను చుట్టాన్ని చేసినప్పుడు పోని పరువు, బొమ్మ చూడగానే పోయిందా?

ఈ ఉత్తరం పక్కన కొత్త గ్లాసుంది. దుకాణంలోనే నా పేరు కొట్టించాను. రేపటి నుంచి అది వదిన గ్లాసుల మధ్యే ఉండాలి. వచ్చినవాళ్లకు అందులోనూ నీళ్లివ్వాలి. ఎవరిదని అడిగితే, "గిది మా ఇంటిదే" అని నువ్వే చెప్పాలి, వదిన వినేటట్టు.

నీ చెల్లెలు.
పేరు గ్లాసు మీద ఉంది, చదువుకో.