వంతెన అవతలి గడప

అక్కా,

ఫోన్ చేద్దామంటే మాది ఒకటే గది, మీ మరిదివి పాము చెవులు. అందుకే ఈ ఉత్తరం. అటువైపు డ్యూటీకి వెళ్లే మా పక్కింటి నర్సు తెచ్చి ఇస్తుంది.

ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్ అని నీకు తెలుసు. ఆసుపత్రి మీ వీధి చివరే. వంతెన ఉన్నప్పుడు బస్సులో ఒక కునుకు తీసేలోపు దిగేవాళ్లం. అది కాలి కూలిపోయాక లారీలూ బస్సులూ అన్నీ ఒకే ఇరుకు రోడ్డు మీద పడ్డాయి. చుట్టూ తిరిగి వెళ్లేసరికి మా మంచం మీద ఇంకొకరు పడుకుని ఉంటున్నారు. నిన్నా అలాగే వెనక్కి వచ్చేశాం. ఆయన కాళ్లు చెప్పుల్లో పట్టడం లేదు. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకునే నిద్రపోతున్నారు.

తిరిగొస్తుంటే బస్సులో అన్నారు, "ఇంక నన్ను తిప్పకు. ఇంట్లోనే ఉంటాను" అని. ఇంట్లో ఉండటమంటే ఏమిటో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. 

మీ ఇంట్లో ఉంచుకోమని అడుగుతున్నాను. ఈ మాట ఎత్తితే ఆయన, "వంతెన తగలబెట్టినవాడి గడప తొక్కను" అన్నారు. వంతెన కింద పేర్చిన ప్లాస్టిక్ పైపులకు కాపలా బావదే కదా. ఆ రోజు నేనూ బావను నోటికొచ్చినట్టు అన్నాను. ఇప్పుడు ఏ మొహంతో అడుగుతున్నానో నాకే తెలియదు. అయినా అడుగుతున్నాను.

నీ పొట్టిది


ఏమోయ్,

మీ అక్కకు ఉత్తరాలు రాయడం నీ ఒక్కదానికే చేతనవునా? ఇక్కడా ఇల్లు చిన్నదే, ఫోన్‌లో చెబితే మీ బావ వింటాడు.

నిన్న నువ్వు పనికెళ్లాక మన గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. నేను గోడవైపు తిరిగాను. "తిట్టాలనుంటే దారిలో తిట్టు తమ్ముడూ, చాలా టైముంటుంది" అన్నాడు. తిట్టడానికే బండెక్కాను, అది కదిలితేగా. కడుపారా తిట్టాను. అంతా విని, "ఎండలు ముదిరేముందు పైపుల చుట్టూ గడ్డి ఏటా నేనే కాల్చేస్తాను, ఎవడైనా బీడీ పారేసినా అంటుకోకుండా. ఈసారి గాలి తిరిగింది. ఆఫీసర్లకూ అదే చెప్పాను" అన్నాడు. కాపాడదామనే అంటించాడు, పిచ్చి మనిషి.

ఈ వీధిలో ఆయనతో ఎవరూ మాట్లాడరు. ఇంట్లో నేనూ మాట్లాడలేదు. అయినా నా మంచినీళ్లు చిన్న గ్లాసుతో కొలిచి పెట్టాడు. దాహమని సైగ చేస్తే ఒక ఐసుముక్క, అంతే. నీకంటే పిసినారి.

ఇవాళ ఆసుపత్రికి నడిపించుకుని వెళ్లాడు. హాల్లో జనం ఆయన్ని గుర్తుపట్టారు. ఒకావిడ, "వీడి వల్లే మా నాన్నకు రెండుసార్లు డయాలసిస్ తప్పిపోయింది" అని గట్టిగానే అంది. ఆవిడ మాటలో అబద్ధం లేదు. ఆయన నా సంచి బల్ల మీద పెట్టి, "నేను బయటుంటాలే" అని గుమ్మం దాటాడు.

"వెంట ఎవరూ రాలేదా?" అంది నర్సు.

నిన్నటిదాకా ఇక చాలనుకున్నవాణ్ణి. ఎందుకో ఆ మాట పడలేదు.

"వచ్చాడు. గుమ్మం బయట ఉన్నాడు, మా అన్నయ్య. లోపలికి పిలవండి" అన్నాను.

మిషన్ ఆగేదాకా నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఎల్లుండి మళ్లీ వెళ్తున్నాం. నా పాత చెప్పులు పంపు, కాళ్లు పడుతున్నాయి.

నీ మొండిఘటం