చిల్లకల్లు నుంచి తిరిగొచ్చిన పిల్లి

ఏమండీ,

మీరు ప్రభువు దగ్గరికి వెళ్లి నేటికి ఏడాది. నాలుగు రోజులుగా నాకు జ్వరం. మన పిల్లి బుజ్జి, అప్పట్లో మిమ్మల్ని ఆనుకుని పడుకున్నట్టే, నా పక్క వదలడం లేదు.

మీతో ఒక అబద్ధం చెప్పాను. మీ దగ్గు ఎక్కువైనప్పుడు పిల్లి బొచ్చు పడదేమోనని భయపడి, దాన్ని సంచిలో తీసుకెళ్లి, దూరంగా హైవే పక్కనున్న చిల్లకల్లు ఊళ్లో వదిలేశాను.

"బుజ్జి ఏదే?" అని మీరు అడిగినప్పుడల్లా, "తిరగడానికి పోయిందండీ, వచ్చేస్తదిలెండి" అన్నాను.

"నాకు బాగోనప్పుడు అది ఎక్కడికీ పోదే!" అన్నారు మీరు.

మీ భూస్థాపన అయిన వారానికి, హైవే మీద అన్ని లారీల మధ్య ఎలా వచ్చిందో, కుంటుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. నేరుగా మీ మంచం ఎక్కింది.

దేవుణ్ణి క్షమించమని అడిగాను. మిమ్మల్ని అడిగే దారి లేదు. నేను మూలిగితే అది లేచి నా చెయ్యి నాకుతోంది. అందుకే మూలుగు బయటికి రాకుండా పళ్లు బిగబట్టి పడుకుంటున్నాను.