గుండీకి ఏడు చుట్లు

అన్నయ్యకు నమస్కారాలు.

మేమిద్దరం ఈ పరాయి దేశానికి క్షేమంగా చేరాం. మొన్న దారి తప్పాం. అడుగుదామని వెళ్లి ఒక పోలీసు కాలరు పట్టుకున్నాను. స్టేషనుకు తీసుకెళ్లి పని అప్పజెప్పారు. రోజూ పొద్దున్నే జీపు పంపుతున్నారు, తిండి కూడా వాళ్లదే. మీ మరదలూ నాతోనే ఉంది.

నేనొచ్చేదాకా గుండీల మిషను కొనకు. అదొస్తే మన కుట్టుషాపులో నా చేతులకేం పని?

నీ తమ్ముడు

తా.క.: పెద్దాఫీసరు నన్ను చూడగానే ప్యాంటు విప్పేస్తున్నాడు పాపం.

*

తమ్ముడికి,

ఆశీస్సులు తర్వాత, ముందు తిట్లు. దారి అడగడానికి కాలరు పట్టుకుంటారట్రా? గుండీకి ఏడు చుట్లు చుట్టి దారం తగలేస్తున్నావని కేకలేశాను, నిజమే. ఆ కోపం పోలీసుల మీద చూపిస్తావా? ఊచలు లెక్కపెడుతూ కూడా మిషను గొడవేనా? ఆ ఆఫీసరునేం చేస్తున్నావో తలుచుకుంటేనే భయంగా ఉంది. దేనికీ ఒప్పుకోకు. లాయరుతో మాట్లాడుతున్నాను.

నీ అన్న

తా.క.: మీ వదిన దిగులుతో పొద్దున తిండి మానేసింది. మధ్యాహ్నం రెండూ కలిపి తింది.

*

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి నవ్వలేక చచ్చాం. ఆ పోలీసు కాలరు గుండీ ఊడి వేలాడుతోంది. చూస్తూ ఊరుకోలేక పట్టుకున్నాను. ముందు ఆయన బిత్తరపోయాడు. జేబులోంచి సూదీ దారం తీసేసరికి నవ్వేసి, టీ తాగించి, స్టేషనుకు తీసుకెళ్లాడు. అక్కడ ఒక్కరి యూనిఫామూ ఒంటికి అతకలేదు, పెద్దాఫీసరు ప్యాంటయితే మరీను. అన్నీ సరిచేస్తున్నాను. సాయంత్రాలు జీపులో ఊరంతా తిప్పి చూపిస్తున్నారు.

ఇక్కడందరూ గుండీ లాగి చూసి మెచ్చుకుంటున్నారు. నువ్వు ఒక్కసారి మెచ్చుకుంటే నాకదే చాలు.

నీ తమ్ముడు

తా.క.: నాకు వాళ్ల భాష రాదు, వాళ్లకు మన భాష రాదు. అందుకే ఇంత స్నేహం.

*

తమ్ముడికి ఆశీస్సులు.

నీ జవాబు కోసం ఆగలేక, లాయరును నమ్మలేక, విమానమెక్కేశాను. ఇప్పుడు మీ ఊళ్లోనే ఉన్నాను, రైల్వేస్టేషను పక్కన పోలీస్ స్టేషన్లో.

రైలు దిగగానే ఎదురైన పోలీసును నీ గురించి అడగబోయాను. చూస్తే ఆయన కాలరు గుండీ కింద దారం చుట్లు. లెక్కపెడదామని పట్టుకున్నాను. ఏడూ ఉన్నాయి. లాగాను, కదల్లేదు. ఇంకా గట్టిగా లాగాను, పోలీసు ముందుకొచ్చాడు గానీ గుండీ రాలేదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఎంత బాగా కుట్టావురా! ఇన్నేళ్లూ పక్కనే కూర్చుని చూడలేకపోయాను. మిషనూ వద్దు, గిషనూ వద్దు.

గుండీ చూపించి నీ పొడుగెంతో చేత్తో కొలిచి చెబితే, ఆ పోలీసు నవ్వి తలూపాడు. ఈ చీటీ ఆయనతోనే పంపుతున్నాను. వెంటనే వచ్చి నన్ను విడిపించు.

నీ అన్న

తా.క.: తొందరేం లేదు, సాయంత్రం రా. ఇక్కడ ముగ్గురి ప్యాంట్లు పొడుగయ్యాయి. మధ్యలో వదిలేస్తే బాగుండదు.