సున్నకు ఎడమవైపు

4 జూన్ 1979
తిరువళ్ళూరులో తాగునీటి మీటింగు. పేపరుకు వార్త ఫోన్లో చెప్పి, సాయంత్రం రైలుకు తిరుత్తణి చేరాను. గది తాళం తీస్తుంటే ఇంటాయన గోవిందయ్య కూతురు చంద్ర వచ్చింది. గుమ్మిడిపూండిలో ఒక చిన్న బడికి లెక్కల టీచరు కావాలట. ముందు పిల్లలకు పాఠం చెప్పి చూపించాలి — సంఖ్యల రకాలు.
"నేను చెప్తా, తప్పులు పడతారా అన్నా? ఇది పోతే ఇంక నన్ను యాడికీ పంపరు."
సరేనన్నాను. నా భార్య సరోజ పోయాక ఈ గుమ్మం దగ్గర ఆగి మాట్లాడినవాళ్ళు లేరు.

6 జూన్
అరుగు మీద పాఠం. సహజ సంఖ్యలు ఒకటితో మొదలు, అంది చంద్ర. వడ్లు కొలిచే గోవిందయ్య అడ్డం వచ్చాడు.
"ఒకటి యాడుండాది మే? లాభం, రెండు, మూడు... అట్ట గదా!"
మొదటి కుంచాన్ని ఒకటి అనడు, లాభం అంటాడు. కళ్ళంలో ఎవరూ అనరు.
"సరి నాయనా. లాభానికి ముందర సున్న. అది చేరితే పూర్ణాంకాలు."
"దానికీ ముందర?"
"మైనస్ ఒకటి. అవీ కలిస్తే పూర్ణ సంఖ్యలు."
"ఏమీ లేనిదానికన్నా తక్కువా? కొలిచి చూపించు మే, చూస్తా!"
నవ్వాను. గట్టిగానే.

7 జూన్
వార్త లేదు.

9 జూన్
చంద్ర తిరువాలంగాడులో వాళ్ళ మామ ఇంటికి వెళ్ళింది. సాయంత్రం అరుగు మీద కూర్చున్నాను. కారణం లేదు.

12 జూన్
సుద్దతో గీత గీసింది. మధ్యలో సున్న. రెండుకూ మూడుకూ మధ్య పూర్ణ సంఖ్య లేదు. భిన్నంగా రాయగల అకరణీయ సంఖ్యలు ఎన్నయినా — రెండు చుక్కలు ఎంత దగ్గరగా పెట్టినా మధ్యలో ఇంకోటి ఉంటుంది. ఆమె వెళ్ళాక గీత తుడవలేదు.

18 జూన్
బడిలో పాఠం చెప్పి చూపించి, చంద్ర గుమ్మిడిపూండి నుంచి నేరుగా నా దగ్గరికే వచ్చింది.
"మొదటి చుక్క పెట్టి లాభం అనేసినా అన్నా! పిలకాయలంతా ఒకటే నగువు. హెడ్మాస్టరు గూడా."
"తర్వాత?"
"ఒక పాప లేచి, మా తాతా అట్టే అంటాడు టీచర్, అనింది. ఇంక కళ్ళం నుంచే మొదలుపెట్టి చెప్పినా. ఏమవుతుందో."

25 జూన్
ఉద్యోగం వచ్చింది. రోజూ పోయి రావడానికి బండ్లు కుదరవు. అక్కడే గది తీసుకోవాలి.
గోవిందయ్య నా గదికి వచ్చాడు. ఎప్పుడూ రాడు. గుమ్మంలోనే నిలబడి చాప, స్టవ్వు, ఒక్క కంచం — అన్నీ చూశాడు.
"ఆడబిడ్డ. ఒంటిగా ఉండగలదా సామీ? నీకు తెలుసును గదా. నువ్వు ఊ అంటే పంపిస్తా."
పక్కనే వాళ్ళ ఇంట్లో గిన్నెల చప్పుడు ఆగింది. చంద్ర వింటోంది.
రేపు చెప్తానన్నాను.
ఒంటిగా ఉండవచ్చు. నేను ఉంటున్నాను, కాబట్టి అది నిజం. ఎట్లా ఉంటుంది అని కూడా అడిగితే, సున్నకు ఎడమవైపు...
పొద్దున ఆయన కళ్ళానికి వెళ్ళేలోగా చెప్పాలి.