తప్పు బండిదైతే బాగుండు

మా ఇంటి నర్సమ్మ గారికి,

మీ దర్జీ మొగుడు రాయునది. ఇక్కడ నేనూ మీ నాన్నా ఇద్దరం కులాసా. అక్కడ కొండల్లో నువ్వూ, ఆ సొరంగం తవ్వేవాళ్ళూ, వాళ్ళ కాళ్ళూ వేళ్ళూ అన్నీ క్షేమంగా ఉన్నాయని తలుస్తాను.

నీ ఉత్తరం సరుకుల బండితో వచ్చింది. దారిలో తడిసి సగం అక్షరాలు అలుక్కుపోయాయి గానీ తిట్లు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి. అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. నాన్న సరిగ్గా తింటున్నారా అన్నావు. తింటున్నారు. వంట నాదే. "ఉప్పు వేశావా, వేద్దామనుకుని ఊరుకున్నావా?" అని రోజూ ఒకటే ప్రశ్న. నీ చలికోటు చేతులు పొడుగయ్యాయన్నావు. లోపలికి మడిచి నాలుగు కుట్లు వేసుకో. కత్తెర మాత్రం పెట్టకు, నీ చేతికి కత్తెర ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు. కుట్టుపని బాగానే ఉంది. హోటలు వాళ్ళ కర్టెన్లు అయిపోయాయి, ఇప్పుడు దిండుగలీబులు కుడుతున్నాను.

మీరిద్దరూ మళ్ళీ పోట్లాడుకున్నారా అన్నావు. పోట్లాడుకున్నాం. ఉత్తరం చివర నాన్న తన చేత్తో రెండు ముక్కలు రాసేవారు, ఎందుకు మానేశారు అని కూడా అడిగావు. ఆ రెండింటికీ జవాబు ఒక్కటే. నాన్న ట్రక్కు దగ్గర మొదలుపెడితే గానీ అది చెప్పడం నాకు చేతకాదు. చివరి పేజీ ముందు చదివే అలవాటు నీకుంది, ఈ ఒక్కసారికి మానుకో.

నువ్వు వెళ్ళేనాటికే ముందు ఎడమ చక్రం లోపలివైపు నూనె చెమ్మ కనిపిస్తుండేది కదా. అది పెరిగి, టైరు లోపలి అంచంతా నల్లగా కారడం మొదలైంది. బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకు లాగుతోందన్నారు మీ నాన్న. షెడ్డుకి ఇద్దామన్నాను. "నా బండి మీద ఇంకొకడి స్పానరు పడదు" అన్నారు. మనది నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే బండి కాబట్టి ముందు ఇరుసు గొట్టంలోనూ గేర్ ఆయిల్ ఉంటుందట; దాని చివర, లోపలి నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు ఒకటి ఉంటుందట. అది అరిగిపోయి నూనె బ్రేకు మీదికి వస్తోందట. రెండువైపులా కొత్త సీళ్ళు వేస్తే సరిపోతుందని, సామానంతా తనే కొనుక్కొచ్చారు. నేను దిండుగలీబులు కుడుతూ కూర్చుని ఉంటే వచ్చి, "దర్జీ, సెలవు పెట్టు. రేపు నువ్వు నా హెల్పరువి" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్నొక పనికి పిలవడం అదే మొదటిసారి. సూది పట్టే చేతులు బండికి పనికిరావని మన పెళ్ళిచూపుల్లోనే అన్న మనిషి కదా. నాకు లోలోపల సంబరమే వేసింది.

పెరటి గేటు లోపల, గచ్చు మీద పెట్టాం బండిని. వెనక చక్రాలకు చెక్కదిమ్మలు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, ఇరుసు కింద స్టాండ్లు నిలిపాం. చక్రం ఊడదీయగానే గేర్ ఆయిల్ వాసన గుప్పుమంది. బ్రేకు విప్పితే ప్యాడ్లు నూనెలో నానిన రొట్టెముక్కల్లా ఉన్నాయి. నేను పాత దుప్పటి తెల్లది ఒకటి పరిచి, ఊడదీసిన ప్రతిదాన్నీ ఊడిన వరసలోనే పేర్చాను. హబ్బు, బేరింగులు, నట్లు, రింగులు. మీ నాన్న చూసి, "ఇదేంటిది, పెళ్ళికూతురి సారె పెట్టినట్టు!" అని నవ్వారు. కానీ తీసేయమనలేదు.

ఇరుసు కడ్డీని ఇద్దరం పట్టుకుని మెల్లగా బయటికి లాగాం. దాని వెనకే ఉంది పాత సీలు. ఇనపకట్టుకి రబ్బరు అతికించిన చిన్న రింగు, లోపలి అంచు చుట్టూ సన్నని స్ప్రింగు. రబ్బరు ఎండి బీటలు వారింది. దాన్ని పెకలించి నా చేతిలో పెట్టి, "ఇంతే. ఇంతమాత్రం దానికి షెడ్డువాడు మనల్ని వారం తిప్పుతాడు" అన్నారు. చాలా ఉత్సాహంగా ఉన్నారు. పాటొక్కటే తక్కువ.

అప్పుడు నేను ఒకటి గమనించాను. "ఆ చిన్న రింగు ఇటివ్వు" అంటూ ఆయనే చెయ్యి చాపారు. రింగు ఆయన మోకాలి పక్కనే, ఎడమవైపు, తెల్లబట్ట మీద నల్లగా మెరుస్తోంది. చెయ్యి దాన్ని దాటి పోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. అరచేత్తో బట్టంతా తడుముతున్నారు, చీకట్లో అగ్గిపెట్టె వెతికినట్టు. పట్టపగలు. నేను రింగు తీసి ఆయన వేళ్ళకు తగిలేలా జరిపాను. "ఆఁ, ఇదిగో" అనుకున్నారు.

ఎండ కళ్ళలో పడిందేమోలే అనుకున్నాను. కొత్త సీలు పెట్టి చుట్టూ చెక్కముక్క ఆనించి సుత్తితో కొడుతున్నారు. నేను వంగి చూశాను. పాతదాని స్ప్రింగు వైపు నూనె దిక్కుకి, లోపలికి ఉంది. దీని స్ప్రింగు బయటికి, మా వైపు చూస్తోంది. బట్టకి తిరగవైపు ఏదో, సరైన వైపు ఏదో చూసే అలవాటు కదా నాది, కన్ను అక్కడే ఆగింది.

"మామయ్యా, ఇది తిరగబడిందేమో."

"ఏది?"

"సీలు. స్ప్రింగు ఇటుంది."

"నువ్వు పుట్టకముందు నుంచీ వేస్తున్నా నేను సీళ్ళు. నాకు చెప్తావా?"

"ఒక్కసారి వేలు పెట్టి చూడండి."

చూశారు. వేలు ఆ రింగు చుట్టూ ఒక్క చుట్టు తిరిగింది. మొహంలో రంగు మారింది. సుత్తి కింద పడేసి, "వంకలు పెట్టడానికే వచ్చావా? లాగు కుట్టుకునేవాడికి ఇరుసులెందుకు?" అన్నారు. నేనూ ఊరుకోలేదు. "పిలిచింది మీరే. నూనె కారితే నాకేం, కారనివ్వండి" అన్నాను. అదే మా పోట్లాట. అంతటితో లేచి చేతులు తుడుచుకోకుండానే వెళ్ళి, స్టాండ్ల మీద నిలిపిన బండి ఎక్కి, స్టీరింగు ముందు కూర్చున్నారు. తలుపు వేసుకున్నారు.

కాసేపు నేను దుప్పటి మీద నట్లు తుడుస్తూ కూర్చున్నాను. తుడిచినవే తుడిచాను. తర్వాత వెళ్ళి అవతలి తలుపు తీసి ఎక్కాను. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. నేను కూర్చున్నానని తెలియాలంటే ఆయన తల మొత్తం నావైపు తిప్పాల్సి వచ్చింది.

"ఎప్పటినుంచి మామయ్యా?" అన్నాను.

ముందు అద్దం వైపు గడ్డం ఎత్తి చూపించారు. "ఎడమపక్కంతా పొగ కమ్మినట్టుంటుంది. మొదట్లో అద్దం మసకబారిందనుకున్నా. తుడిచా. ఎన్నిసార్లు తుడిచానో. అద్దం శుభ్రంగానే ఉంది."

"మాకు చెప్పాల్సింది."

"ఏమని? ఇన్నేళ్ళు బండి తోలినవాడికి రోడ్డు కనబడటం లేదనా?" తర్వాత గొంతు తగ్గించి చెప్పారు. "మొన్నొక రోజు మార్కెట్టు వెనక సందులో ఇటుకల లోడుతో వస్తున్నా. ఒకావిడ పసిపిల్లని తోపుడుబండిలో పెట్టుకుని అడ్డం వచ్చింది. ఆవిడ అరిస్తే తొక్కాను బ్రేకు. అరిస్తే... చూసి కాదు. బండి పక్కకి లాగి గోడకి ఆనుకుని ఆగింది. ఆ తల్లి పిల్లనెత్తుకుని నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అట్లా చూస్తూ నిలబడింది. ఆ చూపు మాత్రం బాగా కనబడింది నాకు."

స్టీరింగుని ఒకసారి తట్టి మళ్ళీ మొదలుపెట్టారు.

"ఇంటికొచ్చి కింద దూరి చూశా. ఆ నూనె చెమ్మ కాస్తా కారుతోంది. ఎంత సంతోషమేసిందో తెలుసా దర్జీ? బ్రేకు మీద నూనె పడితే బండి లాగుతుంది కదా, తప్పు దానిదే అనుకున్నా. సీళ్ళు మార్చేస్తే అంతా బాగైపోతుందనుకున్నా. తప్పు బండిదైతే బాగుండురా. బండినైతే బాగుచేసుకోవచ్చు."

నన్ను 'రా' అనడం కూడా అదే మొదలు. ఆయన భుజం మీద చెయ్యి వేశాను. విదిలించుకోలేదు. నూనె చేతులతోనే మొహం తుడుచుకుని, మీసాల దాకా నలుపు పూసుకున్నారు.

తర్వాత ఇద్దరం దిగాం. సగం విప్పిన బండిని అలా వదిలేయడం ఆయన వల్ల కాదు. తిరగబడిన సీలు పీకితే అంచు వంగింది, పనికిరాలేదు. పరుగున వెళ్ళి ఇంకొకటి తెచ్చాను. ఈసారి సుత్తి నా చేతికిచ్చారు. ఆయన వేలు సీలు అంచున పెట్టి, "ఇక్కడ కొట్టు, ఇప్పుడు ఎదురుగా, ఆగు, మెల్లగా, గాజు గ్లాసనుకో" అంటూ చెబుతుంటే నేను కొట్టాను. కుడివైపు చక్రం అచ్చంగా నేనే విప్పాను. బేరింగులో గ్రీజు ఎలా కూరాలో మాత్రం తనే చేసి చూపించారు. దానికి కళ్ళక్కర్లేదట. కొత్త బ్రేకు ప్యాడ్లు వేసి, నూనె నింపి, చక్రాలు బిగించేసరికి పొద్దు వాలింది. మర్నాడు వీధి చివరిదాకా నేను తోలుకెళ్ళి తెచ్చాక, చక్రాల వెనక వేళ్ళు పెట్టి తడిమి చూశారు. పొడిగా ఉన్నాయి. బ్రేకు తొక్కితే బండి నిక్కచ్చిగా ఆగింది, ఏ పక్కకీ లాగలేదు.

"బాగా కుదిరింది" అన్నారు. ఆ మాట ఆయన ఎంత కష్టంగా అన్నారో నాకు తెలుసు. ఇంక బండి మీద వేయడానికి తప్పేం మిగల్లేదు. తాళంచెవి తీసి నా చొక్కా జేబులో వేసి లోపలికి వెళ్ళిపోయారు.

ఇదీ సంగతి. నీకు వెంటనే రాయనందుకు కోప్పడకు. కంటి డాక్టరు ఏమంటాడో తెలియకుండా కొండల్లో ఉన్నదాన్ని కంగారు పెట్టి ఏం లాభం అనుకున్నాను. చూపించాం. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందన్నారు. ఎడమకన్ను చాలావరకు పోయింది, అది తిరిగి రాదు. కుడికంటికి అంచుల్లోనే మొదలైంది, మందు చుక్కలు మానకుండా వేస్తే ఉన్నచూపు నిలుస్తుందట. చుక్కలు నేనే వేస్తున్నాను. రెప్ప గట్టిగా మూసి చిన్నపిల్లాడిలా గోల చేస్తారు. నువ్వు వేసినా ఇంతకంటే బాగా వేయలేవు, చూసుకో.

నర్సునై ఉండి కనిపెట్టలేకపోయానే అని నువ్వు ఏడుస్తావని తెలుసు. ఒకే కప్పు కింద ఉన్నవాడిని, ఎదురుగా కూర్చుని అన్నం తినేవాడిని, నేనే కనిపెట్టలేదు. దాచుకోవడం ఆయనకి అంత బాగా వచ్చు. అక్షరాలు వంకరపోతే నువ్వు పట్టేస్తావని రాయడం మానేశారు, అంతే. నీకు రాస్తున్నానని చెప్పాను. "రాయి. కానీ పని మానుకుని రావద్దని రాయి. వచ్చిందంటే నేను ఇంట్లో ఉండను" అన్నారు. ఎక్కడికి వెళతారో మాత్రం చెప్పలేదు. నువ్వు నీ గడువు పూర్తి చేసుకునే రా. అక్కడ నీ మీద ఆధారపడ్డవాళ్ళు చాలామంది.

పొద్దుట పూట లోడు నేను తోలుతున్నాను. చిన్న ట్రక్కే కాబట్టి నా లైసెన్సు చాలు. మధ్యాహ్నం నుంచి కుట్టుమిషను. ఆయన పక్కసీట్లో కూర్చుని క్లచ్చు మీద, గేర్ల మీద, నా పుట్టుక మీద వ్యాఖ్యానం చేస్తుంటారు. మొదటి రోజు దారంతా ఆయన కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. ఇవాళ మాత్రం ఒక విచిత్రం జరిగింది. ఎవరు తోలినా బండిలో కన్ను మూయని మనిషి కదా మీ నాన్న, మన పెళ్ళి బస్సులో కూడా రాత్రంతా డ్రైవరు వెనకే నిలబడ్డారు కదా. ఇటుకలు దింపి వెనక్కి వస్తుంటే మాట వినిపించడం లేదేమిటా అని చూశాను. తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నారు. వంతెన ఎక్కేచోట గేరు తప్పు వేశాను, బండి గీమని అరిచింది. అయినా లేవలేదు. ఇంటి ముందుకి వచ్చాక కూడా ఇంజను ఆపితే మెలకువ వస్తుందేమోనని, ఇంకో రెండు వీధులు ఊరికే తిప్పుకొచ్చాను.

ఇట్లు,
నీ ఆయన,
మీ నాన్న గారి అల్లుడు