డబ్బాలో పొడి

ఫణీ,

ఫోన్లో అయితే మీ బావగారు వింటారని ఉత్తరం రాస్తున్నాను. నీ జిమ్ములో కుర్రాళ్ళు తాగే కండల పౌడరు డబ్బా ఆయనకి పంపావు. ప్రేమతోనే పంపావు, కాదనను. ఇంకోటి మాత్రం పంపకు.

ఆయన్ని కీమోకి తీసుకెళ్ళినప్పుడు డబ్బా చాటుగా పట్టుకెళ్ళి క్యాన్సరు డాక్టరుగారికి చూపించాను. "ఇందులో ఏమేం కలిపారో పూర్తిగా రాయలేదమ్మా. మా మందులకే లివరు, కిడ్నీలు అలిసిపోతున్నాయి. నన్నడక్కుండా ఏ పౌడరూ వద్దు. గుడ్డూ పప్పూ పాలూ పెట్టండి" అన్నారు.

ఆ మాట ఆయనకి చెప్పలేకపోయాను. డబ్బా వచ్చిన రోజే "రాములవారి కల్యాణానికి పల్లకీ నేనూ మోస్తానే" అన్నారు మరి. పెళ్ళయిన దగ్గర్నుంచీ పల్లకీ ముందు కొమ్ము ఆయన భుజం మీదే చూశాను. ఇప్పుడా భుజం మీద చొక్కా కూడా నిలవట్లేదు.

అందుకని డాక్టరుగారినడిగి, పౌడరు పారబోసి, వేయించిన సెనగపప్పు పొడి అందులో పోశాను. రోజూ పాలల్లో కలుపుకు తాగి, జబ్బ తడుముకుని, "మీ తమ్ముడి పౌడరు పనిచేస్తోందే" అనేవారు. నేను మొహం తిప్పేసుకునేదాన్ని. అబద్ధమాడడానికి కూడా ఓపిక ఉండాలిరా.

నిన్న డబ్బా ఖాళీ అయింది. నా చేతికిచ్చి, "ఈసారి పప్పు కాస్త తక్కువ వేయించు, మాడువాసనొస్తోంది" అన్నారు.

కల్యాణానికి తప్పకుండా రా. పల్లకీకి ఆయన వెనకే నీ భుజం పెట్టి, బరువంతా నువ్వు మొయ్యి. ఆయనకి తెలుస్తుంది. ఏమీ అనరు.

మీ అక్క