నీడపట్టున ఆరిన బ్యాటరీ

అమ్మకు, నాన్నకు నమస్కారాలు. చదువు మానేసి వచ్చేస్తానని పోయిన కార్డులో ఏడ్చాను కదా, ఆ మాట కొట్టెయ్యండి. నా బ్యాటరీ గెలిచింది!

బ్యాటరీ లోపల పెట్టే రేకు మీద పూసిన నల్లటి ముద్ద ఓవెన్‌లో ఆరగానే పగిలేది. బ్యాటరీ పది రోజులకే చచ్చేది. ఇంకోసారి పాడైతే ఈ పని వేరేవాళ్లకు ఇచ్చేస్తానన్నారు ప్రొఫెసర్ గారు. ఈసారి ఓవెన్ జోలికి పోకుండా, అమ్మ ఉన్ని బట్టలు ఆరేసినట్టు, నీడపట్టున రెండు రోజులు ఆరనిచ్చాను. ఒక్క పగులు లేదు! ఐదువందల సార్లు ఛార్జి చేసి వాడినా బ్యాటరీ చెక్కుచెదరలేదు.

"ఇది ఎవరు నేర్పారమ్మా?" అన్నారు ప్రొఫెసర్ గారు.

"మా అమ్మ, సార్. ఉన్నివి ఎండలో వేస్తే వీపు విమానం మోతే."

"ఆ మోతేదో ముందే చెప్పి ఉంటే నాకు ఏడాది మిగిలేది కదా!"

ఉబ్బితబ్బిబ్బు అనే మాట ఎందుకు పుట్టిందో ఇవాళ తెలిసింది. నా నిఘంటువు పంపండి. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? తమ్ముడు నా సైకిలు తొక్కితే గాలి కొట్టించమనండి.

అమ్మా, మా పరిశోధన వ్యాసం చివర కృతజ్ఞతల్లో నీ పేరు అచ్చు వేస్తారట. పుట్టింటి ఇంటిపేరు పెట్టమంటావా, మనింటిదా? నాన్నను అడక్కు, నువ్వే తేల్చి రాయి.

నానమ్మకు దండాలు, తమ్ముడికి దీవెనలు.
మీ పెద్దమ్మాయి